సఖినేటిపల్లి రేవులో ఎయిర్‌పోర్ట్ సంగీతం

అంతర్వేదిలో దర్శనం బాగా జరిగింది. లైట్‌హౌస్, అన్నాచెల్లెళ్ల గట్టు కూడా చూశాను. వాటి గురించి రాసినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది తిరుగు ప్రయాణంలో గోదావరి దాటించే పంటు కోసం కాచుకున్న సాయంత్రం సంగతి.

నర్సాపురంలో హైదరాబాద్ రైలు ఎక్కాలి. చించినాడ వంతెన మీంచి పాలకొల్లు వెళ్లి అటు నుంచి రావచ్చు. కానీ ఇంతదూరం వచ్చి వశిష్ఠను బస్సు కిటికీలోంచి చూసి వెళ్లిపోవడం నాకు ఇష్టం ఉండదు. రేవులో దిగేసరికి పంటు అవతలి ఒడ్డున ఆగి ఉంది. నది పాటు మీద, అంటే నీళ్లు తీసి ఉందని, మళ్లీ ఎక్కితేగానీ పంటు కదలదని చెప్పారు. టికెట్ పెంచారు. ఎందుకు పెంచారో చెప్పేవాడు లేడు. కూల్‌డ్రింక్ మీద ఉన్న రేటుకంటే ఎక్కువ తీసుకుని "కూలింగ్ ఛార్జండి" అన్నాడు బడ్డీకొట్టు కుర్రాడు. నీడ కూడా అక్కడొక్కచోటే ఉంది కాబట్టి అడిగింది ఇచ్చి కూర్చున్నాను. రైలు గురించి టెన్షన్ మొదలైంది. పక్కనే ఒక బండి మీద రొయ్యల ట్రేలు. ఐసు కరిగి, చివరి ట్రే మూల నుంచి చుక్కలు చుక్కలుగా బైకు సైలెన్సర్ మీద పడుతోంది, పడ్డది పడ్డట్టు ఆవిరైపోతోంది.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' వేశాను. ఇంగ్లండ్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978లో చేసిన అసలు ఆల్బమ్ కాదు, 1998లో బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్ వాళ్లు వాయించింది.

ఈనోకి ఆ ఆలోచన జర్మనీలోని కొలోన్ ఎయిర్‌పోర్ట్‌లో విమానం కోసం కూర్చున్నప్పుడు వచ్చింది. ఎదురుచూసే జనానికి ఎలాంటి సంగీతం ఉండాలన్నదే అతని ప్రశ్న. ఒక భాగంలో మనుషుల గొంతులు పలికిన ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపు మీద పట్టి, ఆ టేపు కొసలు కలిపి అతికించి, స్టూడియోలోని అల్యూమినియం కుర్చీల చుట్టూ తిప్పాడు. ఒక చుట్ట 23.5 సెకన్లకోసారి తిరిగొస్తుంది, ఇంకోటి 26 సెకన్లకు కాస్త ముందు. పొడవులు పొసగవు కాబట్టి ఏ స్వరం ఏ స్వరంతో ఎప్పుడు కలుస్తుందో చెప్పలేం. ఒకసారి తిప్పి వదిలేస్తే చాలు, మిగతా పని యంత్రానిదే.

బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్ అనేది న్యూయార్క్‌లో మైకేల్ గోర్డన్, డేవిడ్ లాంగ్, జూలియా వోల్ఫ్ కలిసి 1987లో మొదలుపెట్టిన సంస్థ. వాళ్ల ఆల్‌స్టార్స్ బృందంలో చెలో, క్లారినెట్, ఎలక్ట్రిక్ గిటార్, బేస్, పియానో, తాళవాద్యాలు ఉంటాయి. ఈనో ఆల్బమ్‌లోని నాలుగు భాగాల్లో మూడింటిని ఆ ముగ్గురూ తలొకటి తీసుకుని వాద్యాలకు అమర్చారు. ఈనో సింథసైజర్ మీద చేసిన నాలుగో భాగాన్ని బృందంలో క్లారినెట్ వాయించే ఎవాన్ జిపోరిన్ అమర్చాడు. యంత్రం అలవోకగా చేసిన పనిని మనుషులు కష్టపడి చేయడం దేనికని నాతో వాదించే స్నేహితులున్నారు. నాకు మాత్రం ఇదే ఇష్టం. ఎందుకని అడిగితే మాత్రం సరిగ్గా చెప్పలేకపోయేవాడిని.

పక్కన కూర్చున్న పెద్దాయన చాలాసేపటి నుంచి నా చెవులవైపే చూస్తున్నారు. ఒళ్లో గుడ్డసంచి, అందులోంచి సన్నాయి మూతి కనబడుతోంది.

"ఏం వింటన్నారండి, కళ్లు మూసేసుకుని?"

ఒక ఇయర్‌ఫోన్ తీసి ఇచ్చాను. నాలుగో భాగం నడుస్తోంది. ఆయన తుడుచుకుని పెట్టుకుని, తల వంచి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాట రాలేదేంటని అడుగుతారనుకున్నాను.

"ఇది పెట్టా, మనిషా?" అన్నారు.

"మనిషేనండి బాబాయ్ గారూ. క్లారినెట్."

"ఆయ్, మనిషే. చివర్లో గాలి తగ్గుద్ది సూడండి. పెట్టెకి తగ్గదు."

ఈనో సంగతి, టేపుల సంగతి చెప్పాను. యంత్రం చేసినదాన్ని తర్వాత మనుషులు నేర్చుకుని వాయించారంటే ఆయన నమ్మలేదు. మళ్లీ అడిగి నిర్ధారించుకున్నారు. ఆ తర్వాత తన సంగతి చెప్పారు. చిన్నప్పుడు మేళంలోకి ఒత్తు ఊదడానికి చేరారట. పెద్దవాళ్లు రాగం వాయిస్తుంటే వెనకాల కూర్చుని ఒకే శ్రుతిని తెగకుండా పట్టుకోవాలి. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో పీల్చుకుంటూ, ముహూర్తం అయ్యేదాకా అదే. తెగితే పెద్దాయన వాయించడం ఆపకుండానే మోచేత్తో పొడిచేవాడట. తర్వాత శ్రుతిపెట్టెలు వచ్చాయి. ఒత్తు ఊదే మనిషికి ఇచ్చే వాటా మిగిలింది. ఇప్పుడు ఆ పెట్టె కూడా లేదు, ఫోన్‌లో యాప్ ఉంది.

"మా దగ్గిర మనిషిని తీసేసి పెట్టెను పెట్టేరు. ఆళ్లు పెట్టెను తీసేసి మనిషిని పెట్టేరా!" అన్నారు. ఆ మాటతో నా స్నేహితులకు చెప్పాల్సిన జవాబు దొరికింది. ఈనో టేపు ఎంత అందంగా ఉన్నా దానికి అలుపు లేదు. ఈ బృందం వాయిస్తున్నప్పుడు ప్రతి స్వరాన్నీ ఎవరో పట్టుకుని ఉన్నారని తెలుస్తుంది. నాకు షంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఈనోని వింటే నిద్ర వస్తుంది. దీన్ని వింటే నిటారుగా కూర్చుంటాను.

ఇంతలో పంటు హారన్. బైకులన్నీ ఒక్కసారిగా స్టార్టయ్యాయి. రొయ్యల బండి ముందు ఎక్కింది, మేం వెనక రెయిలింగ్ దగ్గర నిలబడ్డాం. ఇంజను మోతలో ఇంక సంగీతం వినబడే పనే లేదు. పెద్దాయన తన ఫోన్ తీసి చూసి కంగారుపడ్డారు. రాత్రి నర్సాపురంలో పెళ్లి, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవచ్చింది, శ్రుతి అందులోనే ఉంది. పవర్‌బ్యాంక్ ఇచ్చాను.

"ఇది ఎక్కకపోతే ఎలాగండి?" అన్నాను.

"మేళంలో కుర్రాడొకడున్నాడండి, ఆడికి సన్నాయి ఇచ్చేసి నేను ఒత్తు ఊదుతాను. తాళి కట్టేదాకా పట్టగలను."

సంచిలో అడుగున, గుడ్డలో చుట్టి, ఒత్తు కూడా ఉంది. చూపించారు. నర్సాపురం ఒడ్డు తగిలేసరికి ఫోన్ పావు వంతు కూడా నిండలేదు. పవర్‌బ్యాంక్ ఆయన దగ్గరే ఉంచమన్నాను. రైలుకి టైమైపోతోంది, ఆటోవాడు స్టేషన్‌కి అడిగిన డబ్బు దారుణం, అయినా బేరం ఆడకుండా ఎక్కేశాను.