ఎండలు ముదిరేలోగా ఒక బొంత

ఉగాది దాటాక గుంటూరులో బొంత మాట ఎత్తితే జనం వింతగా చూస్తారు. "ఈ ఎండల్లో ఎవరు కప్పుకుంటారమ్మా?" అని పక్కింటి పిన్నిగారు మెట్ల మీద కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉన్నారు. నేను కుట్టేది కప్పుకోవడానికి కాదు. మా చెల్లికి జూన్‌లో నెలలు నిండుతాయి. పుట్టబోయే బిడ్డ కింద పరవడానికి పలచటి నేత బొంత కావాలి. అయినా నన్నడిగితే బొంత పనికి ఎండాకాలమే మంచిది. ఉతికిన చీర డాబా మీద వేస్తే చూస్తుండగానే ఆరిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో అదే పని పెట్టుకుంటే ఇల్లంతా ముక్కిన వాసనే.

బొంత అనగానే అందరూ కుట్టడం గురించే అడుగుతారు. సగం పని చీరలు ఏరడంలోనే ఉంది. అత్తయ్య తన పెట్టె తెరిచి మొత్తం నా ముందు పోశారు. అందులో నేతవీ ఉన్నాయి, నైలాన్‌వీ ఉన్నాయి, రెండూ కలిసినవీ ఉన్నాయి. చేతికి మెత్తగా తగిలిందల్లా నూలు కాదు. అనుమానం వచ్చిన చీర నుంచి ఒక పోగు లాగి, సింకు దగ్గర అగ్గిపుల్లతో కాల్చి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. తర్వాత నూలు చీరలను ఒక్కొక్కటిగా కిటికీకి అడ్డంగా పట్టుకుని చూశాను. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్నచోట బట్ట జీవం పోయి, వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మేర వదిలేయాల్సిందే. లేదంటే నాలుగు ఉతుకులకే అక్కడ చిరుగుతుంది.

మంగళగిరి చీరలు ఈ పనికోసమే పుట్టాయా అనిపిస్తుంది. ఒళ్లంతా సాదా, బుటాల గొడవ లేదు. ఎక్కడ కోసినా ముక్క ఒకేలా వస్తుంది. జరీ అంచు మాత్రం ముందే కత్తిరించేశాను. పసిబిడ్డ ఒంటికి జరీ గీరుకుంటుంది. ఆ అంచులు దిండు గలీబులకు పనికొస్తాయని విడిగా చుట్టి పెట్టాను.

ఇక పనికిరాని నైలాన్ చీరలన్నీ మిద్దె మీదికి వెళ్లాయి. పొలం చుట్టూ పందులు రాకుండా పాత చీరలు కట్టడం మనవైపు కొత్తేం కాదు, నేను మా కుండీలకు కట్టాను. పడమటి పిట్టగోడ దగ్గర మధ్యాహ్నం మూడింటి ఎండ నేరుగా కొడుతుంది. అక్కడున్న నల్ల గ్రో బ్యాగుల్లో మట్టి పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. వాటిని ఇటుకల మీదికి ఎక్కించి, పైన తీగలు లాగి, రెండు లేత రంగు చీరలు పందిరిలా బిగించాను. షేడ్ నెట్ అంత ఒద్దికగా ఉండదు, గాలికి కొట్టుకుంటుంది, కానీ ఖర్చు లేదు. బచ్చలి, తోటకూర వెంటనే తేరుకున్నాయి. టమాటా మీద మాత్రం ఆశ వదులుకున్నాను. ఎండ 35 డిగ్రీలు దాటిందంటే పూత నిలవదు, రాలిపోతుంది. ఎన్ని నీళ్లు పోసినా దానికి మందు లేదు. ఉన్న కాయలు కోసుకుని మొక్కలు పీకేశాను.

ముక్కలు కోసే ముందు చీరలకు గంజి పెట్టాను. పాత నూలు జారిపోతుంది, టేపు పెట్టి గీత గీస్తే గీతే వంకర పోతుంది. పలచటి గంజిలో ముంచి, కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. పడుగు వెంట కోయాలి. క్రాస్‌గా వెళ్తే ముక్క సాగి మూలలు కలవవు.

లెక్క ఇదీ. బొంత వెడల్పు 36 అంగుళాలు, పొడవు 48. మూడు వరసల్లో మూడేసి, తొమ్మిది ముక్కల గడి ఒక్కొక్కటి 12 అంగుళాలు అనుకుంటే మొత్తం 12 గళ్లు, 108 ముక్కలు. కుట్టుకి నాలుగు వైపులా పావు అంగుళం పోతుంది కాబట్టి ముక్కని నాలుగున్నర అంగుళాల చదరంగా కోయాలి. గడిలో అయిదు ముదురు, నాలుగు లేత పెట్టాను, అంటే ముదురువి 60, లేతవి 48. కోసేటప్పుడు ఫ్యాన్ వేస్తే ముక్కలు ఎగురుతాయి, వేయకపోతే చెమట బట్ట మీద పడుతుంది. అందుకని కోత పనంతా తెల్లవారుజామునే. మొక్కలకు నీళ్లు పోసే వేళా అదే కావడంతో పొద్దున్నే హడావిడి తప్పలేదు. పెద్ద ముక్కలు కుట్టుకి, చిన్న పీలికలు కుండీల్లోకి పోయాయి. నూలే కాబట్టి ఎండుటాకులతో కలిపి మట్టి మీద పరిస్తే తడి ఆరనివ్వవు, తర్వాత అవే చివికిపోతాయి.

కుట్టిన ప్రతి వరసకీ ఇస్త్రీ తప్పదు. కుట్టు మడతలన్నీ ముదురు ముక్క వైపు తిప్పి నొక్కితే పక్క వరస మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి, మూలలు వాటంతట అవే కలుస్తాయి. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

మధ్య పొరకి దుకాణంలో ఫైబర్ షీట్ చూపించారు. మన ఎండలకి అది వేడి, వద్దన్నాను. మామయ్యగారి పాత పంచె రెండు మడతలు వేశాను. హాల్లో నేల తుడిచి, అడుగు బట్ట తిరగేసి పరిచి, అంచులకి టేపు అంటించి, పైన పంచె, ఆపైన గళ్ల బట్ట. నడుమ నుంచి బయటికి చేత్తో సర్దుకుంటూ కచ్చా కుట్లు వేయాలి. ఇక్కడ తొందరపడితే ముడతలు లోపలే ఉండిపోతాయి.

మిషన్‌కి 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, ఫుట్ (బట్టని అదిమిపట్టే పాదం) ఒత్తిడి తగ్గేలా పైనున్న స్క్రూ కొంచెం వదులు చేశాను. ఫుట్ గట్టిగా నొక్కితే పై పొర ముందుకు జరిగిపోతుంది. గళ్ల కుట్టుల మీదుగా నిలువు గీతలు మిషన్ మీద లాగాను. లోపలి కుట్లు అత్తయ్య చేత్తో వేశారు. ఆవిడ పరుగు కుట్టు ముందు మిషన్ కుట్టు దిగదుడుపే, ఒప్పుకోవాలి. అంచుకి నూలు గుడ్డని క్రాస్‌గా కోసి పట్టీ తిప్పాను.

ఇక మిద్దె మీద మల్లె అంట్లు ఇప్పుడు విరగబూస్తున్నాయి. చలికాలం చివర్లో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్లు నీళ్లు మాన్పించిన ఫలితం. మందారానికి మాత్రం పిండినల్లి పట్టింది. లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట కొడుతున్నాను. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

తర్వాతి బొంత పెద్ద మంచానికి. అవే 12 అంగుళాల గళ్లు, వరసకి అయిదు చొప్పున ఏడు వరసలు, 315 ముక్కలు. లెక్క చెప్పగానే అత్తయ్య, "ఎందుకమ్మాయ్ ఇంత యాతన, నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టేద్దాం, మా అమ్మ అలాగే కుట్టేది" అన్నారు. ఇంకా తేలలేదు.