గెరిల్లా అంటే మనిషా, దళమా, యుద్ధమా?

చిత్తూరు పాళెగాళ్ళ (స్థానిక అధిపతుల) తిరుగుబాటు గురించి నేను చదివిన వ్యాసాలలో వారిని "గెరిల్లాలు" అనడం చాలాసార్లు కనిపించింది. తిరుపతిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు కూడా అలాగే రాస్తున్నారు కాబట్టి ఈ స్పానిష్ మాట గురించి వివరంగా చెప్పాలనిపించింది.

స్పానిష్‌లో "గెర్రా" అంటే యుద్ధం. చిన్నదనాన్ని తెలిపే ప్రత్యయం చేరితే "గెర్రియా", అంటే చిన్న యుద్ధం. రాతలో రెండు లకారాలున్నా స్పెయిన్‌లో చాలామంది వాటిని యకారంగా పలుకుతారు. ఇంగ్లీషు మీదుగా వచ్చిన "గెరిల్లా" మనకు స్థిరపడిపోయింది, దానిని మార్చనక్కరలేదు.

ఈ మాట ప్రపంచమంతటికీ తెలిసింది 1808లో మొదలైన యుద్ధంతో. నెపోలియన్ సైన్యాల చేతిలో స్పెయిన్ సేనలు ఓడిపోతూ ఉంటే, రైతులూ, మతగురువులూ, చెదిరిపోయిన సైనికులూ చిన్న దళాలుగా ఏర్పడి, ఫ్రెంచివారి ఉత్తరాలు మోసే రౌతులను, సరుకుల బండ్లను దారికాచి కొట్టి కొండల్లోకి తప్పుకునేవారు. ఒక్క ఉత్తరం పంపాలన్నా ఫ్రెంచివారు వెంట పెద్ద బందోబస్తు పెట్టవలసి వచ్చేది. రైతు కుటుంబంలో పుట్టిన హువాన్ మార్తీన్ దీయెథ్ అలాంటి దళనాయకులలో ప్రసిద్ధుడు. నవార్రాలో ఎస్పోథ్ ఇ మీనా దళం క్రమంగా ఒక సైన్యమంత పెరిగింది.

స్పానిష్ వాడుకలో "గెర్రియా" ఆ పోరాట పద్ధతికీ, పోరాడే దళానికీ పేరు. అందులోని మనిషి "గెర్రియేరో", స్త్రీ అయితే "గెర్రియేరా". "గెర్రియా" దళానికి కూడా పేరు కాబట్టే స్పెయిన్ వారు "గెర్రా దె గెర్రియాస్", అంటే దళాల యుద్ధం, అంటారు. కనుక గెరిల్లా అంటేనే యుద్ధం కాబట్టి మన "గెరిల్లా యుద్ధం" పునరుక్తి దోషమనే ఆక్షేపణ నిలవదు.

ఇక పాళెగాళ్ళ సంగతి. 1801లో కర్ణాటక (ఆర్కాటు) నవాబు నుంచి చిత్తూరు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్ళకే, కప్పం విషయంలోనూ తమ పాత హక్కుల విషయంలోనూ కంపెనీతో విభేదించిన కొందరు పాళెగాళ్ళు కొండలనూ అడవులనూ ఆసరా చేసుకొని ఎదురుతిరిగారు. వారి పోరును గెరిల్లా పద్ధతి అనడంలో తప్పు లేదు. స్పెయిన్ యుద్ధం కంటే ముందే జరిగినా ఆ పేరు దానికి చెల్లుతుంది. కానీ వారినే గెరిల్లాలు అంటే, తరతరాలుగా పాళెం భూమినీ కావలి హక్కునూ అనుభవిస్తూ, కట్టుబడి బంట్లను (కొలువుకు బదులు భూమి పొందే బంట్లను) పోషించిన అధిపతులన్న అసలు సంగతి మరుగున పడుతుంది. అందుచేత విద్యార్థులు "గెరిల్లా పద్ధతిలో పోరాడిన పాళెగాళ్ళు" అని రాయడం సరైనదని నా అభిప్రాయం.