ఆడ, మగ లక్షణాలు కలిసి పుట్టిన మా మల్లికి వైద్యం చేయించిన అనుభవం

మా ఇంట్లో పెరుగుతున్న కాకర్ స్పానియెల్ కుక్క మల్లి శరీరంలో ఆడ, మగ లక్షణాలు రెండూ పుట్టుకతోనే ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన నాటి నుండి శస్త్రచికిత్స పూర్తయి, తీసిన భాగాల ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు చేతికి వచ్చే వరకు ఏ దశలో ఏం చేయాలో చెప్పేవారు మహబూబ్‌నగర్‌లో మాకు చాలా తక్కువ మంది దొరికారు. మా జిల్లాలో గానీ, పక్కనున్న నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల్లో గానీ ఇలాంటి పిల్లను పెంచుతున్న వారికి పనికివస్తుందన్న ఆశతో దీనిని రాస్తున్నాను.

మల్లిని ఆడపిల్ల అనే చెప్పి ఇచ్చారు, చూడటానికి కూడా అలాగే ఉండేది. ఆరు నెలల వయసు వచ్చేసరికి యోని ద్వారం నుండి ఎర్రటి కండ బయటకు పొడుచుకు రావడం, అది దానిని అదే పనిగా నాకుతూ ఉండటం, మూత్రం కొద్దికొద్దిగా పలుమార్లు పోయడం గమనించాము. యోని ద్వారం కూడా మామూలు ఆడకుక్కలకు ఉండే చోటు కంటే కొంచెం ముందుకు, పొట్ట వైపుకు జరిగి ఉంది. మా పట్టణంలోని పశువైద్యుడు చేతితో తాకి చూసి, కండ లోపల గట్టిగా ఏదో తగులుతున్నదని ఎక్స్‌రే తీయించారు. అందులో చిన్న ఎముక స్పష్టంగా కనబడింది. మగకుక్క పురుషాంగంలో సహజంగా ఒక ఎముక ఉంటుందనీ, ఆడకుక్క శరీరంలో వృషణ కణజాలం ఉండి మగ హార్మోను తయారైతే యోని ద్వారం దగ్గరుండే క్లిటోరిస్ అనే చిన్న కండ పెరిగి అందులో కూడా అటువంటి ఎముక ఏర్పడవచ్చుననీ ఆయన వివరించారు. స్కానింగులో సన్నని గర్భాశయం కనిపించింది కానీ, పైన రెండు వైపులా ఉన్న గ్రంథులు అండాశయాలో వృషణాలో తేలలేదు.

అప్పుడు మా అత్తమ్మ అడిగిన ప్రశ్న, ఇటువంటి పిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ అడిగేదే అయి ఉంటుంది: "ఇంతకూ ఇది ఆడదా, మగదా సారూ?" డాక్టరు గారు చెప్పిన సమాధానమే ఆ తరువాత మేము వేసిన ప్రతి అడుగుకూ ఆధారమైంది. "అది తరువాత చూద్దాం అమ్మా. లోపల ఏమున్నది, అది దీని ఆరోగ్యాన్ని ఏం చేస్తది అన్నది ముందు తెలుసుకోవాలె," అన్నారు ఆయన.

ఆయన చెప్పినదీ, ఆ తరువాత పై డాక్టర్లు చెప్పినదీ కలిపి నాకు అర్థమైనంతలో చెబుతాను. కుక్కకు 78 క్రోమోజోములు ఉంటాయి. వాటిలో రెండు లింగాన్ని నిర్ణయించేవి. ఆడకుక్కకు ఎక్స్ ఎక్స్, మగకుక్కకు ఎక్స్ వై. గర్భంలో తొలి దశలో పిండానికి ఉండే బీజగ్రంథి ఆడ, మగ రెండింటిలో ఒకే తీరుగా ఉంటుంది. వై క్రోమోజోము మీదున్న ఎస్ఆర్‌వై అనే జన్యువు పనిచేస్తే అది వృషణంగా మారుతుంది, లేకపోతే అండాశయంగా ఎదుగుతుంది. కొన్ని కుక్కల్లో వై క్రోమోజోము గానీ, ఆ జన్యువు గానీ లేకుండానే బీజగ్రంథి పూర్తిగానో కొంతమేరకో వృషణంగా మారుతుంది. కాకర్ స్పానియెల్, బీగిల్, వైమరానర్ వంటి జాతుల్లో ఇది నమోదైంది. మినియేచర్ ష్నౌజర్ జాతిలో దీనికి భిన్నమైన స్థితి ఉంది. అక్కడ కుక్క ఎక్స్ వై క్రోమోజోములున్న మగదే అయినా, లోపల గర్భాశయం కూడా మిగిలిపోతుంది. కాబట్టి ఒకరి కుక్కకు జరిగిన వైద్యాన్ని ఇంకొకరు పరీక్షలు లేకుండా అలాగే అనుసరించడం సరి కాదు.

ఇందులో ప్రమాదం పైకి కనబడే భాగంతో కంటే లోపల మిగిలినవాటితో ఎక్కువ. పొట్టలోనే ఉండిపోయిన వృషణ కణజాలంలో కణితులు పుట్టే అవకాశం మామూలు వృషణాల కంటే హెచ్చు. వాటిలో సెర్టోలి అనే వృషణ కణాల నుండి పుట్టే కణితి, ఆడ హార్మోను అయిన ఈస్ట్రోజెన్‌ను విపరీతంగా విడుదల చేస్తే ఒంటికి రెండు వైపులా వెంట్రుకలు రాలిపోతాయి, ఎముక మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. గర్భాశయం ఉన్నది కనుక అందులో చీము పట్టే పయోమెట్రా కూడా రావచ్చు. అది ప్రాణం తీసే జబ్బు. అందువల్ల, బయటకు వచ్చిన కండను మాత్రం కోసేస్తే సరిపోతుందని ఎవరైనా తక్కువ ఖర్చులో చేస్తామంటే ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మాకు కూడా అటువంటి సలహా వచ్చింది. లోపలి గ్రంథులు అలాగే ఉంటే చికిత్స జరగనట్టే.

ఇంకో రకం సలహా కూడా వచ్చింది. "గిసొంటిది ఇంట్ల ఉంటే మంచిది కాదు వదినా, ఊరి బయట ఇడిచిపెట్టి రమ్మను," అని మా వీధిలో ఒకావిడ అన్నది. ఆమె చెడ్డ మనిషి కాదు, భయంతో అన్నది. ఇది అంటుకునే జబ్బు కాదనీ, కరవడానికీ దీనికీ సంబంధం లేదనీ ఆమెకు వివరించాను. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. చట్టం మాట అటుంచినా, ఒక జీవి పుట్టుకలో వచ్చిన తేడాకు ఆ జీవినే శిక్షించడం నా మనసు ఒప్పుకోని పని.

మా డాక్టరు గారు చీటీ రాసి ఇవ్వగా, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా ఆరాంఘర్ చేరి అటు తిరిగితే సరిపోతుంది కనుక మహబూబ్‌నగర్ వాళ్ళకు హైదరాబాదు నగరం లోపలికి పోవలసిన పని లేదు. ఎండాకాలంలో మాత్రం తెల్లవారకముందే బయలుదేరడం మంచిది, ఎందుకంటే దట్టమైన బొచ్చున్న ఈ జాతి కుక్కలు పాలమూరు ఎండకు తాళలేవు. మాట్లాడుకునే కారు డ్రైవరుకు కుక్క ఉన్నదని ముందే చెప్పి ఒప్పించుకోవాలి. స్థానికంగా తీసిన ఎక్స్‌రే, స్కానింగు, టీకాల పుస్తకం వెంట ఉంటే అక్కడ పని త్వరగా సాగుతుంది.

ఆపరేషను వెంటనే జరుగుతుందని వెళ్ళాము కానీ రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా వచ్చాయి. పిడుదుల ద్వారా సోకే ఎర్లీకియా జ్వరం దానికి కారణమని తేలింది. మా ప్రాంతంలో ఇది చాలా సాధారణం. పైకి ఏ లక్షణమూ లేకుండా హుషారుగా తిరిగే కుక్కలో కూడా ఈ జబ్బు దాగి ఉండవచ్చు. ఆ స్థితిలో పొట్ట కోస్తే రక్తం ఆగక ప్రాణానికే ముప్పు. అందుకని నాలుగు వారాల పాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చాము. ఆ మాత్ర గొంతులో నిలిచి పుండు చేయకుండా అన్నం తిన్న తరువాత వేసి, వెంట నీళ్ళు తాగించాలి. అదే సమయంలో ఇంటి మూలల్లోనూ, గోడ పగుళ్ళలోనూ పిడుదుల మందు కొట్టించాము. మూత్రపరీక్షలో బయటపడిన ఇన్‌ఫెక్షన్‌కు కూడా కల్చర్ (ఏ క్రిమి ఉన్నదో తేల్చే పరీక్ష) చేయించి మందు వాడాము. శస్త్రచికిత్స ఆలస్యమైందని మా ఇంట్లో అందరం దిగులుపడిన మాట నిజమే, కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆలస్యమే మల్లిని బతికించిందని నమ్ముతున్నాను.

ఈ లోపల క్రోమోజోముల పరీక్షకు రక్తం ఇచ్చాము. దీనికి కణాలు బతికి ఉండాలి కాబట్టి రక్తాన్ని, అది గడ్డకట్టకుండా చేసే హెపారిన్ కలిపిన గొట్టంలో తీయాలి, గడ్డకట్టే చలిలో పెట్టకూడదు, ఆలస్యం లేకుండా ల్యాబుకు చేర్చాలి. ఫలితం 78, ఎక్స్ ఎక్స్ అనీ, ఎస్ఆర్‌వై జన్యువు లేదనీ వచ్చింది. ఈ పరీక్షకు ఖర్చు ఉంది. దాని ఫలితం ఆపరేషను పద్ధతిని మార్చదు కనుక స్తోమత లేనివారు మానుకోవచ్చునని నా అభిప్రాయం. అయితే తీసిన గ్రంథుల ముక్క పరీక్షను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకూడదు. లోపల కణితి ఉన్నదా లేదా అన్నది దానితోనే తెలుస్తుంది. తీసిన భాగాలను చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి పరీక్షకు పంపమని ముందుగానే అడిగి పెట్టుకోవాలి.

శస్త్రచికిత్సలో రెండు గ్రంథులనూ, గర్భాశయాన్నీ పూర్తిగా తీసివేశారు. హార్మోను ఆగిన తరువాత పెరిగిన క్లిటోరిస్ కొంత తగ్గవచ్చు కానీ, ఎముక ఏర్పడిన చోట అంతగా ఆశ పెట్టుకోలేము. పైగా మల్లి నాకి నాకి అక్కడ పుండు చేసుకున్నది. అందుకే మూత్రనాళంలో గొట్టం వేసి, దానికి దెబ్బ తగలకుండా ఆ భాగాన్ని కూడా తొలగించారు. పుండు గానీ, నొప్పి గానీ, మూత్రానికి అడ్డు గానీ లేని కుక్కకు ఈ రెండో భాగం అవసరం లేదని సర్జను గారే చెప్పారు. చూడటానికి బాగుండాలని కోయించవలసినది కాదు అది.

ఇంటికి వచ్చాక కుట్లు నాకకుండా మెడకు గరాటు ఆకారపు కాలరు కట్టి ఉంచడమే అన్నిటికంటే కష్టమైన పని. తినేటప్పుడు మాత్రం దగ్గర కూర్చుని విప్పేవాళ్ళం. నొప్పికి డాక్టరు రాసిన మెలాక్సికామ్ తప్ప మరేదీ ఇవ్వలేదు. మనం వాడే ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కుక్క కడుపునూ, మూత్రపిండాలనూ పాడుచేస్తాయి. కుట్లు విప్పే వరకు స్నానం, మెట్లు ఎక్కడం, గెంతడం మాన్పించాము. ఇటువంటి ఆపరేషను తరువాత కుక్కలు బరువు పెరుగుతాయి కనుక అత్తమ్మ ముద్దుగా పెట్టే జొన్నరొట్టెలో కోత పడింది. కొన్ని కుక్కలకు నిద్రలో మూత్రం కారే సమస్య తరువాత కాలంలో రావచ్చునన్నారు కాబట్టి పడక తడిసిందేమో చూస్తూ ఉంటాము.

ముక్క పరీక్షలో ఎడమ గ్రంథిలో అండాశయ, వృషణ కణజాలాలు రెండూ కలిసి ఉన్నాయనీ, కుడివైపుది వృషణమేననీ, వీర్యకణాలు తయారయ్యే జాడ లేదనీ, కణితి ఏదీ లేదనీ వచ్చింది.

ఆ రిపోర్టు రాగానే, పిల్లను ఇచ్చిన వారికి ఫోను చేశాను. కాకర్ స్పానియెళ్ళలో ఇది తల్లి నుండీ తండ్రి నుండీ చెరొక లోపపు జన్యువు అందితేనే బయటపడే స్థితి. అంటే ఆ తల్లీతండ్రీ రెండూ పైకి ఆరోగ్యంగా ఉన్నా ఆ జన్యువును మోస్తున్నాయి. ఆ జతను ఇక కలపకూడదని, విడివిడిగా కూడా వాటితో సంతానం తీయకూడదని చెప్పాను. ఆయన విన్నారు, ఒప్పుకున్నారు, తోబుట్టువులను తీసుకున్న వారి నంబర్లు కూడా ఇచ్చారు. మామూలుగా కనబడే ఆడ తోబుట్టువు ఈ జన్యువును మోసే అవకాశం కనీసం మూడింట రెండు వంతులు. మగవాటిలో ఈ స్థితి పైకి కనబడనే కనబడదు కనుక మగ తోబుట్టువుకు ఒకటైనా లోపపు జన్యువు ఉండే అవకాశం కనీసం నాలుగింట మూడు వంతులు. నాగర్‌కర్నూల్‌లో ఉన్న ఆడ కుక్కపిల్లను దాన్ని పెంచుతున్నవాళ్ళు పరీక్షకు తీసుకువెళ్ళారు, లక్షణాలేవీ లేవు, అయినా గర్భాశయం తీయించడానికి సమ్మతించారు. వనపర్తిలో ఉన్న మగ కుక్కపిల్లకు జత కోసం వెతుకుతున్న కుటుంబానికి రిపోర్టులన్నీ పంపి, మా డాక్టరు గారితో మాట్లాడించాను. వాళ్ళు ఆ ఆలోచన విరమించుకుని దానికి వృషణాలు తీయించారు.