కొంగలొస్తే వానలొస్తాయా?

జూన్ వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో అందరి కళ్లూ చింతచెట్ల మీదే. నత్తగుల్ల కొంగలు దిగితే ఆ ఏడు పంటకు ఢోకా లేదని, రాకపోతే ఊరికి కీడని నమ్మకం. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు వాటిని. ఎవరినీ రాయి విసరనివ్వరు.

మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. తరాలుగా కళ్లారా చూసిందే ఇది, కాకపోతే కాస్త తిరగబడింది. కొంగ వానను తేదు, వానే కొంగను తెస్తుంది. మడిలో నీళ్లు నిలిస్తే నత్తలు బయటికొస్తాయి, వీటికి ముఖ్యమైన తిండి అవే. పెద్ద కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. పై ముక్కుతో నత్తను నేలకు అదిమిపట్టి, కింది ముక్కు మొనను గుల్ల మూత కిందికి దూర్చి, కండ తెంపి లాగేస్తుంది. గుల్ల చాలాసార్లు పగలను కూడా పగలదు.

అందుకే వానలు బాగుండి కూడా కొంగలు తగ్గాయంటే అసలు కీడు అక్కడే ఉంది. మడిలో పురుగుమందు ఎక్కువైందా, గూళ్లుకట్టే పాత చెట్టు పోయిందా చూడాలి.

టెక్కలి వైపు తేలినీలాపురంలో కాలం వేరు. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. సైబీరియా పక్షులని అందరూ అంటారు గానీ ఈ రెండూ దక్షిణాసియావే. తిండి, నీళ్లు చూసుకుని మన దేశంలోనే చోట్లు మారుతుంటాయి. చేపల కోసం నౌపడ చిత్తడి నేలలకు వెళ్లి గూటికి తిరిగొస్తాయి.

గాలికో, గూట్లో తోపులాటకో పిల్లలు కింద పడుతుంటాయి. తల్లి కిందికి దిగి మేపదు. అలాగని జాలిపడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. గాలాడే అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, నీడన ఉంచి, అటవీశాఖ వాళ్లకు కబురు చెయ్యండి. పడింది గూడబాతు పిల్లయితే ఇంకొక జాగ్రత్త. పొడుస్తుందని ముక్కు గట్టిగా మూసి పట్టుకోకండి, తాడుతో కట్టకండి. అది ఊపిరి పీల్చేది నోటితోనే. రెండు ముక్కుల మధ్య ఒక వేలు పెట్టి పట్టుకోండి.