ఛాతీ మీద రాత సరే, ఆ పత్తి ఎవరు పండించారు?

ఇంగ్లండ్ ఫ్యాషన్ డిజైనర్ కాథరిన్ హామ్నెట్ పేరు మన దగ్గర చాలామందికి తెలీదు గానీ ఆవిడ మొదలుపెట్టిన పని మాత్రం ఇప్పుడు ప్రతి ఊళ్ళో కనిపిస్తుంది. తెల్ల టీషర్టు, దాని మీద ఛాతీ నిండా లావుపాటి నల్లటి అక్షరాలు. రోడ్డుకి అటుపక్క నిలబడ్డవాడు కూడా చదవక తప్పదు, అంత పెద్దవి. 1983లో ఇంగ్లండ్‌లో ఆవిడ వీటిని వరసపెట్టి తెచ్చింది. అణ్వాయుధాలు వద్దని ఒకటి, వర్షారణ్యాల్ని కాపాడమని ఒకటి, "చూజ్ లైఫ్" (జీవితాన్నే ఎంచుకో) అని ఒకటి. పైగా వీటిని ఎవరైనా కాపీ కొట్టాలనే ఆవిడ కోరుకుంది, ఎందుకంటే ఎంతమంది కొడితే మాట అంత దూరం పోతుంది కదా. ఈ ఒక్క విషయానికే నాకు ఆవిడంటే గౌరవం.

1984లో లండన్ ఫ్యాషన్ వీక్ సమయంలో ప్రధాని మార్గరెట్ థాచర్ డిజైనర్లని డౌనింగ్ స్ట్రీట్‌లో తను ఉండే ఇంటికి పిలిచింది. అప్పుడు అమెరికా తన పెర్షింగ్, క్రూయిజ్ అణు క్షిపణుల్ని పశ్చిమ యూరప్‌లో దించుతోంది, బ్రిటన్‌లో గ్రీన్‌హామ్ కామన్ అనే చోట ఆడవాళ్ళు గుడారాలు వేసుకుని వాటికి వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి ధర్నాలో కూర్చున్నారు. హామ్నెట్ పైన కోటు వేసుకుని మామూలుగా లోపలికి వెళ్ళి, థాచర్ చెయ్యి కలిపే సమయానికి కోటు తెరిచింది. లోపల "58% డోంట్ వాంట్ పెర్షింగ్". వందలో 58 మందికి ఆ క్షిపణులు వద్దని. ఫొటో పడింది, పేపర్లలో వచ్చింది. ఇక్కడ ఉన్నవి క్రూయిజ్‌లు, పెర్షింగ్‌లు కావని థాచర్ తిప్పికొట్టిందట. కొట్టనీ, ఇప్పుడు అందరికీ గుర్తున్నది ఆ ఫొటోనే. అదే ఏడాది బ్రిటిష్ ఫ్యాషన్ కౌన్సిల్ ఆవిడకి డిజైనర్ ఆఫ్ ద ఇయర్ ఇచ్చింది.

ఆవిడ గురించి రాసేవాళ్ళు చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నాకు అసలు కథ ఇక్కడ మొదలవుతుంది అనిపిస్తుంది.

1989లో ఆవిడ తన బట్టలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆరా తీయించింది. తేలింది ఏమిటంటే పత్తి మీద కొట్టే పురుగుమందుల వల్ల రైతులు, కూలీలు జబ్బుపడుతున్నారు, చనిపోతున్నారు. లోకాన్ని కాపాడమని రాసిన టీషర్టు గుడ్డలోనే విషం ఉందన్నమాట. ఇంకెవరైనా అయితే ఆ రిపోర్టుని సొరుగులో పెట్టేసి ఇంకో స్లోగన్ రాసుకునేవాళ్ళు. ఆవిడ సేంద్రియ పత్తి కావాలని కంపెనీల వెంట పడింది, వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు, చివరికి తన పేరు వాడుకునే లైసెన్సుల్ని చాలావరకు తెంచుకుని బ్రాండుని మళ్ళీ మొదట్నుంచి కట్టుకుంది. డబ్బు వచ్చే దారిని చేతులారా మూసుకోవడం అంటే మాటలు కాదు. 2003లో ఆఫ్రికాలోని మాలికి వెళ్ళి పత్తి రైతుల్ని కలిసింది. థాచర్ ముందు కోటు తెరిచిన ధైర్యం కంటే ఇది పెద్ద ధైర్యం అని నా నమ్మకం.

నేనెందుకు ఇంత పట్టుగా చెప్తున్నానంటే, మాది పరకాల దగ్గర పల్లె, పత్తి ఇల్లు. హన్మకొండలో చిన్న ప్రింటింగ్ షాపు పెట్టుకుని టీషర్టులు చేస్తున్నాను. మా బాపు మందు కొట్టడానికి వెళ్ళేటప్పుడు మూతికి తువ్వాల, వీపుకి పంపు, ఒంటి మీద టీషర్టు. ఆ టీషర్టు మందు కంపెనీవాళ్ళే ఊరికే ఇచ్చారు. ముందు కంపెనీ పేరు, వెనక మందు పేరు, పక్కన ఎర్ర గీతతో కొట్టేసిన పురుగు బొమ్మ. సాయంత్రానికి ఆ పురుగు బొమ్మ మీదే మందు కారి పచ్చగా మరకలయ్యేది, అమ్మ దాన్ని వేరే బకెట్లో నానబెట్టేది, ఎన్నిసార్లు ఉతికినా వాసన పోయేది కాదు. 1997-98లో మా వరంగల్ జిల్లాలో పురుగు విరుచుకుపడి, మందులు పని చెయ్యక, అప్పులు మీదపడి, ఎంతమంది రైతులు ఆ మందే తాగి పోయారో మా వైపు పెద్దవాళ్ళని అడిగితే ఇంటింటికీ ఒక పేరు చెప్తారు. ఆ పత్తే దారమై, గుడ్డై, టీషర్టై షాపుల్లో వేలాడుతుంది, దాని మీద మనం ఏది రాసినా రాసినట్టే ఉంటుంది.

రాత మన చేతిలో ఉండదు కూడా. "చూజ్ లైఫ్" మాటకి బౌద్ధమే స్ఫూర్తి అని హామ్నెట్ చెప్పింది, 1984లో వామ్ అనే బ్రిటిష్ పాప్ బ్యాండు కుర్రాళ్ళు వీడియోలో వేసుకుంటే అది పాటల టీషర్టు అయింది, తర్వాత అబార్షన్‌ని వ్యతిరేకించేవాళ్ళు అదే మాటని తమ జెండా చేసుకున్నారు. అక్షరాలు అలా చేతులు మారతాయి. గుడ్డ అలా కాదు, అది ఎవరి చేలో పండిందో అక్కడే పండింది.

అలాగని స్లోగన్లు దండగ అనను, నా పనే అది. తెలుగులో పెద్ద అక్షరాలు వెయ్యడం వేరే కష్టం. హోజరీ గుడ్డ సాగుతుంది కాబట్టి ఒత్తుల దగ్గర ఇంకు ముద్దకడుతుంది, కింది వరసలో గుడి, దీర్ఘం వచ్చి పై వరస ఒత్తుకి తగులుతుంది, అందుకే వరసల మధ్య ఇంగ్లీషుకి వదిలేదానికంటే ఎక్కువ జాగా వదులుతాను. అంత జాగ్రత్తగా అక్షరం దిద్దినప్పుడు కింద గుడ్డ గురించి అడక్కుండా ఎలా ఉంటాను?

హామ్నెట్ ఇప్పటికీ తగ్గలేదు. 2011లో బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన సీబీఈ పతకాన్ని 2024లో, గాజా విషయంలో తన దేశం తీరుకి నిరసనగా, కెమెరా ముందే చెత్తబుట్టలో పడేసింది. ఒంటి మీద మళ్ళీ ఒక టీషర్టు, బ్రిటిషర్‌గా ఉన్నందుకు అసహ్యంగా ఉందని.

నా సంగతికొస్తే, తిరుప్పూర్ వ్యాపారిని సేంద్రియ పత్తి గుడ్డ అడిగితే ఉంది, సర్టిఫికెట్ కూడా ఉంది, కానీ ఒక్కో రంగులో అంత పెద్ద ఆర్డర్ మన చిన్న షాపుల వల్ల కాదు. మరో ముగ్గురు నలుగురు ప్రింటర్లు కలిస్తే తెల్ల గుడ్డ ఒకే లాట్‌గా తెప్పించుకోవచ్చు. హన్మకొండ, కరీంనగర్, ఖమ్మం వైపు ఈ పని చేసేవాళ్ళు ఉంటే నాకు రాయండి, రేటు మాట్లాడే పని నేను చూసుకుంటాను.