ఫోటో లేని పనికి డబ్బెవరిస్తారు?

నిన్న మా సంస్థ ఖాతాలో డబ్బు పడింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

తిరుపతిలో మాదొక చిన్న స్వచ్ఛంద సంస్థ. హైస్కూలు పిల్లల్లో గుట్కా, మందు, గంజాయి, వైట్‌నర్ పీల్చడం ఎంతవరకు వచ్చాయో, నిద్ర, కొట్లాటలు, బడి ఎగ్గొట్టడం ఎలా ఉన్నాయో పేర్లు రాయించకుండా అడగాలనుకున్నాం. 2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా ఉన్నవి ఈ పీల్చే మత్తులే. పెద్దల్లో 0.58 శాతం, 10-17 ఏళ్ల వాళ్లలో 1.17. అది దేశం లెక్క. మన వీధిలో పిల్లోడు ఏ తరగతిలో మొదలుపెడుతున్నాడో అందులో దొరకదు.

పన్ను మినహాయింపుకు 12ఏ, 80జీ, కంపెనీల సాయం తీసుకోవడానికి సీఎస్ఆర్-1 నమోదు కాగితాలు ఆడిటర్ చూసుకున్నాడు. సర్వేలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల సమ్మతి రెండూ రాతలో ఉండాలంది. పెట్టాం.

ఇక డబ్బు. నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని చట్టం ఉంది కదా అని ఒక పెద్ద కంపెనీకి వెళ్లాను. పొద్దున రమ్మని, భోజనాలయ్యాక లోపలికి పిలిచారు. ఎదురుగా మా అబ్బాయి వయసు ఆఫీసరు.

"మేడమ్, ఫోటోలేముంటాయి?"

పేరే అడగని సర్వేలో ముఖాలెలా చూపిస్తాం బాబూ అన్నాను.

"పోనీ వెనక నుంచి తీయండి. బ్యానర్ కనబడితే చాలు." తర్వాత, ఏ స్కూల్లో ఎక్కువుందో లిస్టిస్తారా అన్నాడు. ఇవ్వనన్నాను. "అయినా అడిగి అడిగి తెలియని పిల్లలకు మనమే నేర్పినట్టవదా?"

ప్రశ్నాపత్రంలో అసలు లోకంలో లేని మత్తుమందు పేరొకటి కలిపాను. అది వాడామని టిక్కు పెట్టిన పత్రాలు లెక్కలోకి తీసుకోం. మా వాళ్లెవరికీ తట్టని జాగ్రత్త అది. నేనది చెబుతుంటే ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

చివరికి, "జూన్ 26, డ్రగ్స్ వ్యతిరేక దినానికి ర్యాలీ పెట్టండి, టీషర్టులు, క్యాపులు మేమిస్తాం" అని మా ప్రపోజల్ తిరగేసి, ఖాళీ వైపున సైజులు రాసుకున్నాడు. నా ముందే లెక్క కట్టాడు. ఆ టీషర్టుల ఖర్చు మా మొత్తం సర్వే బడ్జెట్ కంటే ఎక్కువ! పిల్లల్ని ఎండలో నడిపించి నినాదాలు చెప్పిస్తే గంజాయి పోయేటట్టయితే ఈపాటికి ఎప్పుడో పోయుండేది.

డబ్బిచ్చింది ఒక ప్రభుత్వ హైస్కూలు పాత విద్యార్థులు. "మా బడి పేరు బయటికి రాదు కదా?" అని ఒక్కటే అడిగారు. రాదు, ఏ బడి లెక్క ఎంతో మీకూ చెప్పం అన్నాను. నవ్వి ఒప్పుకున్నారు.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ముందు పాత విద్యార్థుల దగ్గరికే వెళ్లండి. కవరు పేజీ మీద 'డ్రగ్స్' అని పెద్దక్షరాలు వేస్తే హెడ్‌మాస్టర్లు బెదిరిపోతారు. 'విద్యార్థుల ఆరోగ్యం, అలవాట్లు' అనండి. తల్లిదండ్రులకిచ్చే కాగితంలో మాత్రం అన్నీ విప్పి రాయాలి. రాసిన తర్వాత ఏ పిల్లాడైనా వచ్చి మాట్లాడాలనుకుంటే వినడానికి కౌన్సెలర్ ఖర్చు బడ్జెట్‌లో పెట్టుకోండి. పత్రం కింద మత్తు మాన్పించడానికి సాయపడే 14446 హెల్ప్‌లైన్ నంబరు అచ్చు వేయించండి.

మా ప్రశ్నాపత్రాలు ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్లాయి. దసరా సెలవుల లోపు మొదటి బడి పూర్తి చేయాలి.