గో, వెంట్, మన పోవడం

ఇంగ్లీషులో నాకు బాగా ఇష్టమైన క్రియ గో. ఇంత చిన్న మాటకి భూతకాలం సొంతది లేదు, అరువు తెచ్చుకుంది. వెంట్ అనేది నిజానికి వెండ్ అనే వేరే క్రియ తాలూకు రూపం. వెండ్ అంటే తిరగడం, మళ్ళడం. వంకర్లు తిరిగే దారిని వైండింగ్ రోడ్ అంటారే, ఆ వైండ్ దీనికి చుట్టమే. సెండ్‌కి సెంట్, బెండ్‌కి బెంట్ అయినట్టు వెండ్‌కి వెంట్. పాత ఇంగ్లీషులో గో పక్కన భూతకాలానికి ఏయొదె అని ఇంకో మాట ఉండేది, అదీ గో లోంచి వచ్చింది కాదు. జనం నోళ్ళలో దాన్ని పక్కకి నెట్టి వెంట్ వచ్చి కూర్చుంది, 15వ శతాబ్దం నాటికి స్థిరపడింది. స్కాట్లాండ్ వాళ్ళు మాత్రం గో నుంచే గేడ్ అని చేసుకున్నారు. తన వెంట్ పోయాక వెండ్ పాపం వెండెడ్‌తో సరిపెట్టుకుంది.

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి పిల్లలకి ఇదంతా ఎవరూ చెప్పరు, గో వెంట్ గాన్ అని బట్టీ పట్టిస్తారు, అంతే. మా వీధిలో ఆరో తరగతి కుర్రాడు నోటుబుక్కులో గోడ్ అని రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేశారు. ‘అన్నిటికీ ఇ-డి పెట్టమన్నారు కదా మాస్టారూ, దీనికెందుకు పెట్టకూడదు?’ అని నన్నడిగాడు. చాలా న్యాయమైన ప్రశ్న అది, కొట్టేసి వదిలేయాల్సింది కాదు.

‘నేను వెళ్తున్నాను, ఒడియాలో చెప్పు’ అన్నాను.

‘ముఁ జాఉఛి.’

‘వెళ్ళాను?’

‘ముఁ గలి’ అని, ఆగి, ‘రెండూ వేరే మాటలు కదా!’ అన్నాడు.

వేరేవే. సంస్కృతంలో యా ఒక ధాతువు, గమ్ మరొకటి. యాత్ర, ప్రయాణం మొదటి దాంట్లోంచి వచ్చాయి, గమనం, గతం రెండో దాంట్లోంచి. ఒడియా వర్తమానం యా నుంచి తీసుకుంది, భూతకాలం గమ్ నుంచి. హిందీ జానా, గయా, మరాఠీ జాతో, గేలా కూడా ఇంతే. సరిహద్దులో పెరిగిన మన పిల్లలు రోజూ వీధిలో చేసే పనే ఇది, ఇంగ్లీషు పుస్తకంలో చూసేసరికి టెన్షన్ పడుతున్నారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలని నా పట్టుదల.

ఇంకో సంగతి, గ తో మొదలైంది కదా అని గమ్, గో ఒకటే అనుకోకండి. గమ్‌కి అసలు బంధువు కమ్, అంటే రావడం! లాటిన్ వెనీరే కూడా ఆ కుటుంబమే.

తెలుగులో పోవడానికి ఇలా రూపాల గొడవ లేదు, పో, పోతాడు, పోయాడు. కానీ అర్థాల్లో గో కి ఏమీ తీసిపోదు. కరెంటు పోతుంది, పాలు విరిగిపోతాయి, మనిషి పోతాడు. అన్నిటికంటే నాకు ముచ్చటేసేది ‘వాన పడబోతోంది’. పడన్, పోతోంది కలిసి సరళాదేశంతో ప కాస్తా బ అయింది. వాన ఎక్కడికీ పోవడం లేదు, ఇంకా పడలేదు కూడా, అయినా పోతోంది అంటున్నాం. ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్ కూడా సరిగ్గా ఇదే పని చేస్తోంది. రెండు భాషలకీ చుట్టరికం లేదు, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నదీ కాదు. నడిచే కాలు ఎటు సాగుతుందో అటే రాబోయే కాలాన్ని చూశాయి రెండూ. ‘రాబోయే’లో కూడా ఆ పోవడమే ఉంది, చూడండి.